రెండువందల పన్నెండు దడుపులు

దయ్యాలు లేవని ప్రభుత్వం ఏనాడూ అనలేదు. ఉన్నవి నాణ్యంగా ఉండాలని మాత్రం అంది.

దీనికంతటికీ మూలం ఎక్కడో మరో జిల్లాలో ఒక పాఠకుడు. ఆయన ఒక దయ్యాల నవల కొనుక్కుని, ఇంట్లో ఎవరూ లేని రోజు చూసుకుని, తలుపులేసుకుని చివరిదాకా చదివాడు. చదివి, రెండు ప్లేట్ల పునుగులు తిని, హాయిగా నిద్రపోయాడు. నిద్ర లేచాక ఆయనకు ఒళ్ళు మండింది. అట్ట మీద ‘ఒళ్ళు గగుర్పొడిచే హారర్’ అని రాసుంది, తన ఒళ్ళు ఏ పేజీలోనూ గగుర్పొడవలేదు, కాబట్టి ఇది మోసం అంటూ వినియోగదారుల ఫోరానికి ఎక్కాడు. ఫోరం వారు ఊరుకోకుండా, ‘కందిపప్పుకు ఉన్న ప్రమాణం భయానికి ఎందుకు లేదు?’ అని అడిగారు. ఆ ప్రశ్న పైవాళ్ళకు తెగ నచ్చేసింది. ఆరు నెలలు తిరక్కుండా జిల్లాకొక భయ ప్రమాణాల కార్యాలయం వెలిసింది. రేవుపాలెంలో దాన్ని పాత కిరోసిన్ గోడౌన్‌లో పెట్టారు.

కొలవాలంటే కొలమానం ఉండాలి కదా. నిపుణుల సంఘం పద్దెనిమిది సార్లు కూర్చుని, జీడిపప్పు తిని, ‘దడుపు’ అనే కొలతను ఖరారు చేసింది. ముప్పై అయిదేళ్ళ లోపు వయసున్న ఆరోగ్యవంతుడైన పట్టభద్రుడి భుజం మీద, మధ్యస్థ పరిమాణం గల గోడబల్లి ఒకటి ఏడడుగుల ఎత్తు నుంచి పడితే కలిగే ఉలికిపాటు ఎంతో, అంత ఒక దడుపు. వంద పేజీలకు నలభై దడుపులకు తగ్గకుండా ఉన్న పుస్తకానికే హారర్ ముద్ర వేస్తారు. ముద్ర లేని పుస్తకం అట్ట మీద ఆ మాట కనిపిస్తే తెల్ల కాగితం అంటించి తీరాలి.

ఈ నిబంధనకు రాష్ట్రం మొత్తం మీద మొట్టమొదట దడుచుకున్నవాడు, దయ్యాల కథలు రాసుకు బతికే పెదపూడి వామనమూర్తి.

బతికే అన్నది మర్యాదకు అన్న మాట. వామనమూర్తిని బతికించేది కోర్టు వీధిలో ఉన్న డీటీపీ సెంటరు. పగలల్లా అందులో దస్తావేజులు టైపు చేస్తాడు. ఒక దస్తావేజుకూ మరో దస్తావేజుకూ మధ్య దొరికిన సందులో దయ్యాన్ని నడిపిస్తాడు. అందుకే అతని దయ్యాలు ఒక్కోసారి ‘తూర్పు: గోపాలం గారి ప్రహరీ’ అని హద్దులు చెప్పి మరీ ప్రత్యక్షమవుతాయి. ప్రచురణకర్తలెవరూ గుమ్మం ఎక్కనివ్వకపోతే తనే రాసి, తనే అచ్చువేసి, తనే సంచిలో మోసుకెళ్ళి బస్టాండు పుస్తకాల కొట్లలో పెట్టి వస్తాడు. ఇరవై రెండేళ్ళలో ఏడు నవలలు. ఏడింటి అట్టల మీదా జుట్టు విరబోసుకుని వెనక్కి తిరిగి నిలబడ్డ దయ్యం ఒక్కరే, అతని భార్య కనకవల్లి. తలంటుకున్న రోజున పెరట్లో నిలబెట్టి ఫోటో తీస్తాడు.

ఆ ఇల్లాలు అట్ట మీద నిలబడ్డానికి ఒప్పుకునేది గానీ, లోపలికెళ్తే మాత్రం నిలవలేకపోయేది. మధ్యాహ్నం భోజనం అయ్యాక మొగుడి రాతప్రతి పట్టుకుని మంచమెక్కితే మూడో పేజీకల్లా గురక. “మీ దయ్యాలు మా అమ్మ జోలపాట కంటే నయమండీ” అనేది మనస్ఫూర్తిగా. వామనమూర్తి నవ్వేవాడు గానీ లోపల చివుక్కుమనేది. ఒక్కరంటే ఒక్కరు తన పుస్తకం చదివి భయపడ్డామని చెబితే చాలని అతని కోరిక. ఇరవై రెండేళ్ళుగా ఆ ఒక్కరూ దొరకలేదు.

మూడేళ్ళుగా అట్టలకు తెల్ల కాగితాలు అంటించుకుని బస్టాండు కొట్లతోనే నెట్టుకొచ్చాడు. ఇప్పుడు ముద్ర లేనిదే కుదరని రోజు వచ్చి పడింది. పుస్తక ప్రదర్శనలో, పదకొండేళ్ళు తిరగ్గా తిరగ్గా, హారర్ వరుసలో ఒక స్టాలులో నాలుగో వంతు అతనికి ఈ ఏడే దక్కింది. ముద్ర లేకపోతే ఆ నాలుగో వంతూ పోతుంది. పోతే మళ్ళీ బస్టాండే గతి. అందుకని కొత్త నవల ‘చింతకొమ్మ మీద శాంతమ్మ’ను మూడు ప్రతులుగా కుట్టించి, దరఖాస్తు జతచేసి, గోడౌన్‌కు వెళ్ళాడు.

సహాయ భయ ప్రమాణాధికారి ఆకొండి విశ్వపతి గారు దరఖాస్తును అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయన ఇదివరకు కిరోసిన్ కొలతల దగ్గర పనిచేశారు. గోడౌనూ, ఆయనా కలిసే ఈ శాఖకు వచ్చారు.

“దయ్యం లింగం?” అన్నారు.

“ఆడదండి. శాంతమ్మ.”

“నివాసం చింతకొమ్మ అని చూపారు. ఎన్నో కొమ్మ?”

“మూడోదండి. తూర్పు వైపు.”

“అలా రాయాలి మరి. ప్రామాణిక భయస్థుణ్ణి పిలవండి.”

మీటరుకు ఒక కడ్డీ, కిలోకు ఒక గుండూ ఎలాగో దడుపుకు ఒక మనిషి అలాగ. ప్రతి కార్యాలయానికీ ఒక ప్రామాణిక భయస్థుణ్ణి కాంట్రాక్టు పద్ధతిలో నియమించారు. రేవుపాలెం కార్యాలయపు భయస్థుడి పేరు గుబ్బల సింహాద్రి. ఎమ్మే చదివాడు. మూడేళ్ళ క్రితం ఇంటర్వ్యూలో అతని పేరు పిలవగానే కుర్చీలోంచి ఎగిరి కిందపడ్డాడట. రెండో ప్రశ్న అడగకుండానే ఎంపిక చేశారు.

సింహాద్రి వచ్చి కూర్చున్నాడు. మణికట్టుకు ఒక పట్టీ చుట్టారు. పట్టీ నుంచి ఒక వైరు, వైరు చివర ముల్లున్న యంత్రం. ఉదయం పదకొండున్నర. ట్యూబులైట్లు రెండు వెలుగుతున్నాయి, కిటికీ బయట చెరుకురసం బండి గజ్జెలు మోగుతున్నాయి. సింహాద్రి చెంపకు చెయ్యి ఆనించి, వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పాడు. శాంతమ్మ కొమ్మ మీంచి తలకిందులుగా దిగే చోట ఆవులించాడు. శాంతమ్మ పురిటిగది కిటికీలోంచి చెయ్యి చాపే చోట “టీ వచ్చిందా?” అని అడిగాడు. వామనమూర్తి ప్రాణాలు యంత్రంలో ముల్లు మీదే ఉన్నాయి. ముల్లు ఒక్కసారి కదిలింది. అది ఫ్యాను చప్పుడుకని తేల్చారు.

“సున్నా పాయింటు రెండు,” అని విశ్వపతి గారు నమోదు చేసుకున్నారు. “సదరు గ్రంథంలో భయం సంతృప్తికర స్థాయిలో లేనందున దరఖాస్తు తిరస్కరించడమైనది. అయితే ఆత్మ ఉన్నది, భయం లేదు గనక, కావాలంటే ‘ఆధ్యాత్మికం’ కింద నమోదు చేసుకునే వెసులుబాటు కలదు.”

“ఇప్పటివరకూ ఎన్ని పుస్తకాలకు ముద్ర వేశారండీ?” అన్నాడు వామనమూర్తి.

“మొదటి రెండేళ్ళలో నలభై ఒకటి. గత పద్నాలుగు నెలల్లో ఒక్కటీ లేదు,” అన్నారాయన గర్వంగా. “మా కార్యాలయం నాణ్యత విషయంలో ఎంత కచ్చితంగా ఉందో దీన్నిబట్టే గ్రహించవచ్చు.”

వామనమూర్తి శాంతమ్మను సంచిలో పెట్టుకుని బయటికొచ్చి, ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర కూలబడ్డాడు. కాసేపటికి పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. చూస్తే సింహాద్రి.

“ఏమీ అనుకోకండి సార్. మీ పుస్తకం బానే ఉంది,” అన్నాడు నేల చూపులు చూస్తూ. “లోపం పుస్తకంలో లేదండి. నాలో ఉంది.”

“అంటే?”

“భయం అరిగిపోయింది సార్. చేరిన కొత్తలో బొద్దింక అని రాసుంటే చాలు, వణికిపోయేవాణ్ణి. మూడొందల పన్నెండు పుస్తకాలు చదివానండి ఇప్పటికి. ఇంకేం మిగులుద్ది చెప్పండి? మొన్న శ్మశానం గోడ మీద కూర్చుని పెసరట్టు తిన్నానండీ. చట్నీ బాగుందని రెండోది కూడా చెప్పాను.”

“మరి ఆ సంగతి మీ ఆఫీసరు గారికి చెప్పొచ్చుగా!”

“చెప్పాను సార్. ‘ప్రమాణం తప్పవడానికి వీల్లేదు, కాబట్టి పుస్తకాలే తప్పు’ అన్నారు. కడ్డీ పొట్టిదైపోతే మీటరు పొట్టిదైనట్టు గానీ, కడ్డీ తప్పని ఎవరంటారు అన్నారు.” సింహాద్రి గొంతు తగ్గించాడు. “ఇరవయ్యో తారీకున హెడ్డాఫీసు నుంచి సరిచూసే బృందం వస్తోంది సార్. అసలు బల్లిని పెట్టెలో పెట్టుకుని తెస్తున్నారు. నా మీద వేసి చూస్తారు. ఉలిక్కిపడకపోతే కాంట్రాక్టు రద్దు. ముప్పై నాలుగు దాటాయి సార్ నాకు. భయపడ్డం తప్ప ఇంకో పని రాదు. ఇంటి దగ్గర అమ్మకి నేను గుమాస్తానని చెప్పానండి. పొద్దున్నే వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టేటప్పుడు రోజూ చూసుకుంటాను, నా పేరు ఉందా, కొట్టేశారా అని…”

చెబుతూంటే అతని చేతిలో గ్లాసు టకటకమని బల్ల మీద కొట్టుకుంది. టీ ఒలికి వామనమూర్తి పంచె మీద పడింది. వామనమూర్తి పంచె చూసుకోలేదు. గ్లాసు పట్టుకున్న ఆ వేళ్ళకేసే చూస్తూ ఉండిపోయాడు. ఇరవై రెండేళ్ళుగా భయం కోసం చింతచెట్లెక్కాడు, పాడుబావులు దిగాడు. అది చూస్తే ఇక్కడ, పట్టపగలు, టీ బడ్డీ దగ్గర కూర్చుని ఉంది.

ఆ రోజు నుంచి తొమ్మిది రోజుల పాటు కోర్టు వీధిలో దస్తావేజులు కదల్లేదు. వామనమూర్తి రాశాడు. అందులో దయ్యం లేదు, చెట్టు లేదు, కనీసం కుక్క కూడా ఏడవదు. ఒక ఆఫీసులో భయపడే ఉద్యోగంలో చేరిన ఒకడికి ఒకరోజు భయం పోతుంది. ఆ సంగతి బయటపడకుండా రోజూ వచ్చి సంతకం పెట్టి వెళ్తుంటాడు. ఒక సోమవారం వచ్చేసరికి రిజిస్టరులో అతని పేరు ఉండదు. పైపేరు ఉంటుంది, కిందిపేరు ఉంటుంది. మధ్యలో కొట్టేసిన గీత కూడా ఉండదు. అడిగితే ఎవరూ ఏమీ అనరు, నవ్వి కుర్చీ జరుపుకుంటారు. పేరు ‘హాజరు పట్టీ’ అని పెట్టాడు.

రాస్తున్నంతసేపూ అతనికి మనసు మనసులో లేదు. సింహాద్రి నమ్మి చెప్పుకున్న కష్టం అది. దాన్నే తీసి అతని ముఖాన కొట్టడం న్యాయమేనా అనిపించింది. కొట్టకపోతే ఇరవయ్యో తారీకున బల్లి కొడుతుందని సర్దిచెప్పుకున్నాడు. అయినా సిగ్గుగానే ఉంది.

పదోనాడు భోజనమయ్యాక కనకవల్లి రాతప్రతి పట్టుకుని మంచమెక్కింది. వామనమూర్తి అలవాటు ప్రకారం మూడో పేజీ దగ్గర లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. నాలుగు గంటలకు వచ్చి చూస్తే ఆవిడ మంచం మీద బాసింపట్టు వేసుక్కూర్చుని ఉంది. జడ ముందుకు లాక్కుని చివర నలుపుతోంది.

“ఏమండీ, ఆ కుర్రాడి ఉద్యోగం ఉంటుందా పోతుందా? చెప్పేయండి బాబూ, ఈ చివరి నాలుగు పేజీలూ నేను చదవలేను.”

వామనమూర్తికి కాళ్ళు నేల మీద ఆనలేదు.

“దీనికి నా జుట్టు అక్కర్లేదా?” అందావిడ కాసేపటికి, కాస్త చిన్నబుచ్చుకుని.

“అక్కర్లేదు. ఒక ఖాళీ గీతల పుస్తకం వేస్తే చాలు.”

ఇరవయ్యో తారీకున హెడ్డాఫీసు నుంచి ముగ్గురు వచ్చారు. ఇద్దరు అధికారులు, సీలు వేసిన పెట్టెలో ప్రామాణిక బల్లి. వామనమూర్తి తన దరఖాస్తు పట్టుకుని గుమ్మం దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు. ముందు బల్లి పరీక్ష జరిగింది. ఏడడుగులు కొలిచి, నిచ్చెన వేసి, పెద్ద అధికారి స్వయంగా బల్లిని వదిలారు. బల్లి సింహాద్రి భుజం మీద పడింది. సింహాద్రి మెడ తిప్పి దానికేసి చూశాడు. బల్లీ చూసింది. జిల్లా జిల్లాకూ తిరిగి తిరిగి అదీ అలసిపోయినట్టుంది, అక్కడే కళ్ళు మూసుకుంది. సింహాద్రి రెండు వేళ్ళతో దాన్ని తీసి జాగ్రత్తగా పెట్టెలో పెట్టాడు.

యంత్రంలో ముల్లు సున్నా మీదే నిద్రపోయింది.

“బల్లి సక్రమంగా ఉన్నది. ప్రమాణం క్షీణించినది,” అని చిన్న అధికారి రాసుకోబోయాడు. విశ్వపతి గారి ముఖం పాలిపోయింది. ప్రమాణం పోతే కార్యాలయం పోతుంది, కార్యాలయం పోతే తను మళ్ళీ ఏ గోడౌన్‌తో కలిసి ఏ శాఖకు వెళ్ళాలో! గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆయన పదవీ విరమణకింకా నాలుగేళ్ళుంది.

“అయ్యా, నిబంధనల ప్రకారం గ్రంథ పరీక్ష కూడా చేశాకే నిర్ణయించాలి,” అంటూ ఆయన గుమ్మంకేసి చూశారు. “ఏమయ్యా దయ్యాలాయనా, ఏదైనా తెచ్చావా?”

వామనమూర్తి ‘హాజరు పట్టీ’ అందించాడు. సింహాద్రి ముఖం చూడలేక కిటికీకేసి తిరిగి నిలబడ్డాడు.

సింహాద్రి చెంపకు చెయ్యి ఆనించి మొదలుపెట్టాడు. రెండో పేజీలో చెయ్యి చెంప మీంచి దిగింది. అయిదో పేజీలో టీ వచ్చింది, అతను చూడలేదు. తొమ్మిదో పేజీలో వేలు తడి చేసుకోబోయాడు గానీ నోరెండిపోయింది. యంత్రంలో ముల్లు నలభై దాటింది, ఎనభై దాటింది. సోమవారం ఉదయం రిజిస్టరు తెరిచే చోటికొచ్చేసరికి కుర్చీ కోళ్ళు నేల మీద చప్పుడు చేశాయి. మరుక్షణం సింహాద్రి లేచి, మణికట్టున పట్టీ, పట్టీ వెంట వైరు, వైరు వెంట యంత్రం ఈడ్చుకుంటూ, పక్కగదిలోకి పరిగెత్తి హాజరు రిజిస్టరు తెరిచాడు. పేరు ఉంది. దాని మీద వేలు పెట్టి అక్కడే కూలబడ్డాడు.

“రెండువందల పన్నెండు,” అన్నాడు చిన్న అధికారి, నేల మీద యంత్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని.

రాష్ట్రంలో అది రికార్డు. పెద్ద అధికారి కళ్ళజోడు తుడుచుకున్నారు. “ప్రమాణం సజీవంగా, సున్నితంగా ఉన్నది. ఇంతటి భయాన్ని కాంట్రాక్టు పద్ధతిలో ఉంచడం శాఖకు గౌరవం కాదు. పర్మనెంటు చేయవలసిందిగా సిఫారసు చేయడమైనది,” అని చెప్పి రాయించారు. పుస్తకానికి అక్కడికక్కడే ఊదారంగు ముద్ర పడింది.

బయటికొచ్చాక సింహాద్రి వామనమూర్తి చేతులు రెండూ పట్టుకున్నాడు.

“చంపేశారు సార్,” అన్నాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి, నవ్వుతున్నాడు. “బతికించేశారు.”

వామనమూర్తి సిగ్గు సగం తీరింది.

ప్రదర్శనలో ఆ నాలుగో వంతు స్టాలు ముందు జనం నిలబడ్డారు. ముద్ర చూసి వచ్చిన వాళ్ళు కొందరు, పక్కవాళ్ళను చూసి వచ్చిన వాళ్ళు కొందరు. మూడొందల ప్రతులూ నాలుగు రోజుల్లో అయిపోయాయి. కనకవల్లి స్టాలులో జడ వేసుక్కూర్చుంటే, పాత అట్టలు గుర్తున్న ఒకాయన “వెనక్కి తిరగండమ్మా ఒకసారి” అని బతిమాలాడు కూడా.

రెండో ముద్రణకు మళ్ళీ పరీక్ష తప్పదన్నారు. ప్రతి ముద్రణలోనూ భయం తాజాగా ఉందో లేదో చూడాలిట. వామనమూర్తి ధీమాగానే వెళ్ళాడు. రెండు నెలల్లో సింహాద్రి మారిపోయాడు. చిన్న బొజ్జ వచ్చింది. మెడలో కొత్త గుర్తింపు కార్డు వేలాడుతోంది. సర్వీసు రిజిస్టరు తెరిచారట, పెళ్ళిచూపులకు కబుర్లు కూడా వస్తున్నాయట.

“కూర్చోండి సార్, మన పుస్తకమేగా,” అంటూ ఆప్యాయంగా పట్టీ తనే చుట్టుకుని, కాలు మీద కాలేసుకుని చదివాడు. సోమవారం ఉదయం రిజిస్టరు తెరిచే చోట పకపకా నవ్వాడు.

“పాపం, వెర్రి నాగన్న! యూనియన్ వాళ్ళతో ఒక్క మాట చెప్పుకుంటే సరిపోయేదానికి!”

ముల్లు సున్నా.

విశ్వపతి గారు నిట్టూర్చారు. “నిబంధన నిబంధనే. హారర్ ముద్ర ఉపసంహరించడమైనది. అయితే, ఈ గ్రంథాన్ని చదివిన వ్యక్తికి అదే రోజున ఉద్యోగం ఖాయమైనట్లు మా కార్యాలయ రికార్డుల్లోనే దాఖలా ఉన్నందున, దీన్ని ‘ఉద్యోగ మార్గదర్శి’ కింద నమోదు చేయడమైనది.”

వామనమూర్తి పుస్తకం తీసి సంచిలో పెట్టుకున్నాడు. సింహాద్రి మాత్రం నొచ్చుకున్నాడు. “నేనేం చెయ్యను సార్? నిజంగా ప్రయత్నించాను. భయం రావట్లేదండి, హాయిగా ఉంది,” అన్నాడు.

ఆ హాయిని చూసి కోపం తెచ్చుకోవడం వామనమూర్తికి చేతకాలేదు. ఇంటికొచ్చి అట్ట మీద హారర్ అన్న మాట తీసేసి, ‘ప్రభుత్వ గుర్తింపు పొందిన ఉద్యోగ మార్గదర్శి’ అని వేసి, సంచి భుజాన వేసుకుని కోచింగ్ సెంటర్ల వీధికి వెళ్ళాడు. జనరల్ నాలెడ్జికీ, రీజనింగుకూ మధ్య ‘హాజరు పట్టీ’ని దొంతర పెట్టారు.

నాలుగో రోజు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒక కుర్రాడు మూడేళ్ళుగా గ్రూప్ టూకి చదువుతున్నాడట, పుస్తకం మొదలుపెట్టి మధ్యలో లేచి వెళ్ళి హాల్ టిక్కెట్ మీద తన పేరు ఉందో లేదో చూసుకున్నాడట, మళ్ళీ చూసుకున్నాడట. ఒక అమ్మాయి ఆఖరి నాలుగు పేజీలూ హాస్టల్లో పదిమందినీ చుట్టూ కూర్చోబెట్టుకుని గానీ చదవలేకపోయింది. ఒక తల్లి ఫోన్ చేసి, “మా వాడికి ఏం పుస్తకం ఇచ్చారు బాబూ? అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని అలా గోడకేసి చూస్తన్నాడు, దిష్టి తీయించమంటారా?” అని అడిగింది. వామనమూర్తి అందరికీ ఓపికగా సమాధానం చెప్పాడు. చెప్పి, ఫోన్ పెట్టేసి, కళ్ళు తుడుచుకునేవాడు.

నెల తిరక్కుండా భయ ప్రమాణాల కార్యాలయం నుంచి రిజిస్టర్డు పోస్టులో కవరొచ్చింది. కనకవల్లి సంతకం పెట్టి తీసుకుంది. వామనమూర్తి విప్పి పైకి చదివాడు.

‘విషయం: అనుమతి లేకుండా భయపెట్టుట. తమరు రచించి, ముద్రించి, స్వయముగా విక్రయించుచున్న సదరు ఉద్యోగ మార్గదర్శి యందు తీవ్రమైన భయము ఉన్నట్లు అనేక కుటుంబముల నుండి ఫిర్యాదులు అందినవి. చదివిన యువకులు నిద్రాహారములు మానినట్లు విచారణలో నిర్ధారణ అయినది. హారర్ ముద్ర లేని గ్రంథములో ఇంతటి భయము ఎట్లు ప్రవేశించినదో ఏడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలెను.’

చదవడం అయ్యాక కనకవల్లి వంగి, కింద ఉన్న కార్యాలయపు ముద్ర చూసింది.

“మళ్ళీ ఒకసారి చదవండి,” అంది కనకవల్లి. “ఆ తీవ్రమైన భయము అన్న దగ్గర్నుంచి.”

అతను మళ్ళీ చదివాడు. ఈసారి ఒక్కో మాట దగ్గరా ఆగి ఆగి చదివాడు. ఇరవై రెండేళ్ళలో తన రాతను గురించి ఇంత బాగా ఎవరూ రాయలేదు.

సంజాయిషీ సంగతి తర్వాత చూసుకోవచ్చని, వామనమూర్తి ఆ మధ్యాహ్నమే కంప్యూటర్ ముందు కూర్చుని మూడో ముద్రణకు అట్ట సిద్ధం చేశాడు. వెనక వైపు, పెద్దల అభిప్రాయాలు వేసుకునే చోట, ఆ నోటీసును కార్యాలయపు ముద్రతో సహా అక్షరం మార్చకుండా వేసుకున్నాడు.